వసారా దించుట

"ఫలానావారు ఇంటికి వసారా దించినారు" అను మాట మన పల్లెలలో తరచుగా వినబడుచుండును. ఈ 'దించుట' అను మాటలోనే ఆ కట్టడపు స్వరూపమంతయు ఇమిడియున్నది. సామాన్యమైన పెంకుటింటికి నడుమ వెన్నుదూలమును, దానికి ఇరుప్రక్కల రెండు వాలులును ఉండును. ఒక వాలు రెండవ వాలునకు ఆసరా యగుటచే ఆ కప్పు తన బలముతో తాను నిలుచును. వసారాకు ఒకటే వాలు. దాని పై అంచు పాత గోడను చేరియుండును; క్రింది అంచు ముందువరుస స్తంభములపైకి దిగియుండును. ఇల్లు తన కాళ్ళపై తాను నిలిచిన మనిషి వంటిది; వసారా ఆ మనిషి భుజముపై చేయి వేసి నిలిచిన బాలుని వంటిది.

వడ్రంగి కొట్టము, నేతగాని మగ్గము, కమ్మరి కొలిమి మొదలగు పెక్కు వృత్తులకు మన ఊళ్ళలో ఇట్టి వసారాలే నెలవులు. నాలుగు గోడలలో ఒకటి ముందే యున్నది గదా! ఖర్చు తగ్గును, కాలము కలిసివచ్చును. కాని ఈ సౌలభ్యములోనే ఒక ప్రమాదము పొంచియున్నది. "గోడ ఉన్నది గదా" అను ధీమాతో మనము ఆ గోడను పరీక్షింపము. క్రొత్త కట్టడము పాతదానిని కలియు అతుకును గూర్చి ఆలోచింపము. ఈ పొరపాటు నేనును చేసితిని. అది ఎట్లు జరిగెనో చెప్పి, దానినుండి నేర్చిన సంగతులను మీకు వివరింతును.

ఇరువది యేండ్లకు పూర్వము నేను కృష్ణాజిల్లాలో సముద్రతీరమునకు దగ్గరగానున్న ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. విద్యార్థులకు వడ్రంగము నేర్పుటకు తగిన చోటు లేకపోయెను. పాఠశాల ఉత్తరపు గోడ వెంట 24 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల వసారా దించవలెనని నిశ్చయించితిమి. చేతిలోనున్న సొమ్ము స్వల్పము. వేసవి సెలవులు ముగియక మునుపే పని పూర్తి కావలెనని నాకు తొందర. పనివారు గోడలో ఏడు గూళ్ళు తొలిచి, ఏడు వాసముల కొనలను వానిలో దూర్చి, సందులను సిమెంటుతో పూడ్చిరి. ముందువైపున నాలుగు స్తంభములను నేలలో పాతి, వానిపై దూలము నెక్కించిరి. వాసములపై ఇనుపరేకులు పరచి మేకులు కొట్టిరి. పదిదినములలో వసారా సిద్ధమయ్యెను. నేను చూచి, బాగున్నదని చెప్పి, కాగితములపై సంతకము చేసితిని.

ప్రతి శుక్రవారము మధ్యాహ్నము ఇరువదిమంది పిల్లలు ఆ కప్పు క్రింద రంపము పట్టి పని నేర్చుకొనుచుండెడివారు. రెండు వానకాలములు గడచెను. వాసములు గోడలో దిగిన చోట్ల తడిమరకలు కనబడగా వానిపై సున్నము వేయించి ఊరకుంటిని. మూడవ యేట కార్తికమాసములో తుపాను వచ్చెను. ముందుగానే హెచ్చరిక అందుటచే పాఠశాలకు సెలవు ఇచ్చితిమి. రాత్రియంతయు గాలి హోరెత్తెను. తెల్లవారిన పిదప పోయి చూడగా, పాఠశాల ఇంటికప్పు కొన్ని పెంకులను మాత్రమే పోగొట్టుకొని నిలిచియుండెను. వసారా జాడ లేదు. రేకులు పొలములలో చెల్లాచెదరై పడియుండెను. వానిలో ఒకటి ఆటస్థలపు అంచున నున్న తాటిచెట్టు బోదెలోనికి కత్తివలె దిగబడియుండెను. ఆ రేకును చూచినంతనే నాకు శుక్రవారములు జ్ఞప్తికి వచ్చెను. కాళ్ళలో సత్తువ లేక అచ్చటనే కూలబడితిని.

ఆ ఊరిలో వృద్ధుడగు వడ్రంగి ఒకరుండిరి. అందరును ఆయనను ఆచారిగారని పిలుచుచుండిరి. నేను కబురుచేయగా ఆయన వచ్చి, గోడలోని గూళ్ళను ఒక్కొక్కటిగా వ్రేలితో తడిమి చూచిరి. ఒక గూటిలో మిగిలియున్న వాసపు కొనను బయటకు లాగి పిడికిట నలుపగా అది పొడియై రాలెను.

"పంతులుగారూ! ఈ కప్పు పడిపోలేదు; ఎగిరిపోయినది. పడిపోకుండ కట్టించినారు గాని, ఎగిరిపోకుండ కట్టించలేదు" అనిరి.

"గోడ గట్టిదే గదా, ఆచారిగారూ!" అంటిని.

"గోడ తన కప్పును మోయుటకు గట్టిదే. మీ వసారాను పట్టి ఉంచగలదా అని దాని నెవరైనను అడిగినారా?"

నేను మారు పలుకలేకపోయితిని. పిదప ఆయనయే క్రొత్త వసారాను కట్టుటకు పూనుకొనిరి. ప్రతి పనికిని ముందు ఆయన మూడు ప్రశ్నలు వేసికొనుచుండిరి. బరువు ఎచ్చటికి పోవును? నీరు ఎచ్చటికి పోవును? గాలి ఎచ్చట పట్టును? వసారా శాస్త్రమంతయు ఈ మూడు ప్రశ్నలలో నున్నదని నాకు క్రమముగా బోధపడెను.

మొదటిది బరువు. ఆ పాత గోడ ఇటుకలతో కట్టినదే. కాని ఇటుకల నడుమ నున్నది మట్టి అడుసు. అట్టి గోడ పైనుండి క్రిందికి వచ్చు బరువును చక్కగా మోయును. ప్రక్కకు లాగినను, పైకి పెకలించినను ఓర్వజాలదు. గూడు తొలిచిన ప్రతి చోటను దాని బలము మరికొంత తగ్గును. మరియొక సంగతి కలదు. పాత కట్టడపు పునాది క్రింది నేల ఎన్నియో యేండ్లుగా ఆ బరువును మోసి, అణగవలసినంత అణగియుండును. క్రొత్త స్తంభముల క్రింది నేల ఇంకను అణగవలసియున్నది. అందును నల్లరేగడి నేల వానకు ఉబ్బును. ఎండకు కుదించుకొని బీటలు వారును. వాసపు ఒక కొన కదలని గోడలో బిగిసియుండి, రెండవ కొన ఏటేట కదలు స్తంభముపై నున్నచో ఏమగును? ఆ వాసము గూటిలో మెదలుచు చుట్టునున్న ఇటుకలను వదులు చేయును.

అందుచే ఆచారిగారు గోడపై ఏ భారమును మోపలేదు. గోడనుండి అడుగున్నర దూరములో మరియొక వరుస నాలుగు స్తంభములు నిలిపి, వానిపై వెనుకదూలము నెక్కించిరి. గోడకు ఆనించియే స్తంభములు పాతరాదా అని నేనడిగితిని. పాత పునాది గోడకంటె వెడల్పుగా నుండుననియు, దాని ప్రక్కనే గుంత త్రవ్వినచో పునాదికే హాని కలుగుననియు ఆయన చెప్పిరి. గోడ సిమెంటుతోనో మంచి సున్నముతోనో కట్టిన దృఢమైన గోడయైనచో వేరు మార్గము కలదు. గోడ వెంట ఒక దూలమును పెట్టి, గోడకు ఆవలిదాక పోవు పొడవైన బోల్టులతో, లోపలివైపున వెడల్పైన ఇనుపబిళ్ళలు వేసి బిగింపవచ్చును. మట్టి అడుసు గోడకు మాత్రము ప్రక్కన స్వతంత్రముగా నిలుచు చట్రమే క్షేమము.

రెండవది నీరు. మన వసారా కప్పు వైశాల్యము 24 అడుగులను 10 అడుగులచే గుణింపగా 240 చదరపు అడుగులు. ఒక అంగుళము వాన కురిసినచో దానిపై పడు నీరు 20 ఘనపుటడుగులు, అనగా సుమారు 566 లీటర్లు. పాత ఇంటి చూరునుండి జారు నీరు దీనికి తోడగును. ఈ నీటికంతకు అతుకులో వ్రేలు దూరునంత సందు కనబడినను చాలును. మొదటి వసారాలో జరిగినది ఇదియే. సందులలో పూసిన సిమెంటు కొంతకాలమునకు పగిలెను. ఆ పగులులోనుండి నీరు గూళ్ళలోనికి దిగెను. గాలి తగలని చోట తడిసిన కర్ర ఆరక చివికిపోయెను. నేను సున్నము వేయించినది రోగమునకు కాదు, దాని గుర్తునకు.

నీటిని ఆపుటకు ఒకే సూత్రము కలదు. పైది క్రిందిదానిని కప్పవలెను. తాటాకు ఇంటి కప్పును చూడుడు; చేప పొలుసులను చూడుడు; అన్నియు ఈ సూత్రమునే పాటించుచున్నవి. ఆచారిగారు ఒక తగరపు పూత గల ఇనుపరేకును పట్టీలుగా కత్తిరించి నిలువుననే వంచిరి. పట్టీ పై అంచును, కప్పునకు ఆరంగుళముల ఎత్తున గోడలో కోసిన అంగుళము లోతు గాడిలో దూర్చి, సున్నముతో బిగించిరి. క్రింది అంచును వసారా రేకులపై పరచి విడిచిరి. దానికి మేకులు కొట్టలేదు. గోడమీద జారిన నీరు పట్టీపైకి, పట్టీనుండి రేకుపైకి, రేకునుండి నేలపైకి పోవును. క్రొత్త కట్టడము కొంచెము అణగినను పట్టీ రేకుపై జారునే గాని చిరుగదు. పాతదియు క్రొత్తదియు ఒకదానినొకటి తాకియుండును, ఒకదానినొకటి లాగవు.

మూడవది గాలి. కప్పు అనగా పైనుండి క్రిందికి పడు బరువని మనము తలంతుము. తుపానునాడు అది తారుమారగును. ముందువైపు తెరచియున్న వసారాలోనికి గాలి జొచ్చి, బయటకు పోవు దారి లేక కప్పును క్రిందినుండి పైకి నెట్టును. అదే సమయమున కప్పుమీదుగా వేగముగా పోవు గాలి దానిని పైకి పీల్చును. ఈ రెండు బలములు ఏకమగును. గాలి వేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి నాలుగు రెట్లగును. గంటకు 90 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరుపై సుమారు 38 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగించును. గంటకు 180 కిలోమీటర్ల గాలి సుమారు 150 కిలోల ఒత్తిడి కలిగించును. భారత ప్రమాణముల నిబంధనలలో విశాఖపట్టణము, నెల్లూరు వంటి చోట్లకు సెకనుకు 50 మీటర్ల వేగమును లెక్కలోనికి తీసికొందురు. అది ఈ 180 కిలోమీటర్లకు సమానము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను, 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును ఎరిగిన తీరవాసులకు ఈ లెక్క విపరీతముగా తోచదు.

ఇప్పుడు మన వసారాను చూతము. 240 చదరపు అడుగులనగా సుమారు 22 చదరపు మీటర్లు. చదరపు మీటరునకు 150 కిలోల వంతున మొత్తము మూడు టన్నులకు మించును. రేకుల బరువో, చదరపు మీటరునకు నాలుగైదు కిలోలు మాత్రమే. నూరు కిలోల కప్పును మూడు టన్నుల గాలి లాగుచుండగా దానిని పట్టి ఉంచునది ఏది? రేకును వాసములకు, వాసమును దూలమునకు, దూలమును స్తంభమునకు, స్తంభమును నేలకు బంధించు కట్లే. ఈ గొలుసులో ఒక్క కొలికి వదులైనను తక్కినవన్నియు వ్యర్థమే.

ఇక ఆచారిగారు కట్టిన తీరును వరుసగా చెప్పెదను. మొదట కప్పు వాలు నిర్ణయించిరి. పాత ఇంటి చూరు నేలకు 11 అడుగుల ఎత్తున నుండెను. దాని క్రింద పట్టీకి చోటు విడువగా, గోడవద్ద మన కప్పు 10 అడుగులకు మించరాదు. మంగుళూరు పెంకులకు ప్రతి రెండడుగులకు ఒక అడుగు చొప్పున వాలు కావలెను. 10 అడుగుల వెడల్పునకు 5 అడుగులు దిగవలెను. అప్పుడు ముందు స్తంభముల ఎత్తు 5 అడుగులే యగును; మీ తలలు దూలమునకు తగులును! ఇనుపరేకులకు అయిదడుగులకు ఒక అడుగు వాలు చాలును. 10 అడుగులకు 2 అడుగులు దిగును. ముందువైపు 8 అడుగులు మిగులును. అందుచేతనే మరల రేకులనే ఎన్నుకొంటిమి.

వాసము పొడవెంతయో తెలియుటకు కర్ర కోసి చూడనక్కరలేదు. అడ్డుగా 10, నిలువుగా 2 అడుగులు గల లంబకోణ త్రిభుజములో కర్ణమే వాసము. 10 వర్గము 100, 2 వర్గము 4, మొత్తము 104. దాని వర్గమూలము సుమారు 10.2 అడుగులు. చూరునకు అడుగున్నర కలుపగా 11.7, కావున 12 అడుగుల కర్ర తీసికొనవలెను. కర్ణమును గూర్చిన ఈ సూత్రము యజ్ఞవేదికలు నిర్మించు విధమును చెప్పు బౌధాయన శుల్బసూత్రములలోనే కలదు. మీరు గణితపు తరగతిలో చదువునది కాగితమునకై పుట్టినది కాదు. నేలపై త్రాడు లాగి కొలుచువారికై పుట్టినది.

ఆ త్రాడుతోనే మూలలను సరిచూచిరి. మూలనుండి గోడ వెంట 6 అడుగులు, ముందుకు 8 అడుగులు కొలిచి గుర్తులు పెట్టిరి. ఆ రెండు గుర్తుల నడుమ సరిగా 10 అడుగులున్నచో మూల సరియైన లంబకోణము. స్తంభముల తలలు ఒకే మట్టమున నుండుటకు నీరు నింపిన పొడవైన గొట్టమును ఉపయోగించిరి. గొట్టము ఎంత వంకరగా నున్నను దాని రెండు కొనలలోని నీరు ఒకే ఎత్తున నిలుచును గదా!

స్తంభములకు చేవదేరిన తాటిని తెచ్చిరి. తాటిబోదె వెలుపలి భాగము గట్టిది. లోపలి బెండు పనికిరాదు. ఈసారి స్తంభములను మట్టిలో పాతలేదు. మట్టిలోని కర్రకు చెదలును చెమ్మయు శత్రువులు. ఒక్కొక్క స్తంభము క్రింద లోతైన కాంక్రీటు దిమ్మ పోసి, అది తడిగా నున్నప్పుడే దానిలో రెండు దళసరి ఇనుపపట్టీలను నిలిపిరి. దిమ్మ గట్టిపడిన పిదప స్తంభమును పట్టీల నడుమ నిలువబెట్టి బోల్టులు బిగించిరి. దిమ్మ బరువే స్తంభమును నేలకు పట్టి ఉంచును.

తరువాత మూలలకు ఏటవాలు ఊతకర్రలు వేసిరి. ఇవి ఎందులకో మీరే పరీక్షించి తెలిసికొనవచ్చును. నాలుగు చీపురుపుల్లలను కొనలయందు దారముతో కట్టి చతురస్రము చేయుడు. ఒక మూలను నొక్కగానే అది ఒరిగిపోవును. మూడు పుల్లలతో త్రిభుజము చేయుడు. పుల్ల విరుగవలెనే గాని త్రిభుజము ఒరుగదు. చతురస్రమునకు అడ్డముగా మూలనుండి మూలకు ఒక పుల్ల కట్టినచో అది రెండు త్రిభుజములై బిగిసిపోవును. మొదటి వసారాలో ఒక్క ఊతకర్రయు లేదు.

24 అడుగుల పొడవును నాలుగడుగుల చొప్పున విభజింపగా ఖాళీలు ఆరు, వాసములు ఏడు. ప్రతి వాసపు అడుగున దూలముపై కూర్చొనుటకు ఒక గంటు కోసిరి. ఆ గంటు వాసపు లోతులో మూడవ వంతును మించనీయలేదు. మించినచో వాసము అచ్చటనే విరుగును. మేకులను నమ్మక ప్రతి వాసమును దూలమునకు ఇనుపపట్టీ చుట్టి బిగించిరి. వాసములపై అడ్డపట్టెలు వేసి, వానిపై రేకులు పరచిరి. రేకులను కొక్కెపు బోల్టులతో పట్టెలకు తగిలించిరి. బోల్టులు రేకు మిట్టపైననే వేయవలెను. పల్లములో వేసినచో ఆ రంధ్రమే నీటికి దారియగును. కప్పు అంచులయందును మూలలయందును గాలి పీల్పు మిక్కుటము గనుక అచ్చట బోల్టులను దగ్గరదగ్గరగా వేసిరి.

రేకులు వేయుచుండగా ఆచారిగారు ఒక మాట అడిగిరి. "పంతులుగారూ! ఈ గోడకు రెండు కిటికీలున్నవి. మన నీడకై లోపలి పిల్లల వెలుగు మూయుదుమా?" ఆ సంగతి నాకు తోచనే లేదు. కిటికీల ఎదుట రెండు చోట్ల వెలుగును రానిచ్చు రేకులు వేయించితిమి. నేలను గోడవైపు ఎత్తుగాను, బయటివైపు పల్లముగాను చేసి, నీరు పాత పునాదిని చేరకుండ కాలువ తీయించితిమి.

ఈ పనికి మొదటిదానికంటె రెట్టింపు కాలము పట్టెను. ఖర్చును హెచ్చెను, కాని ఎగిరిపోయిన వసారా ఖర్చును కూడ కలిపి చూచినచో ఏది చౌకయో మీరే చెప్పగలరు. మరి రెండేండ్లకు ఇంకొక తుపాను వచ్చెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లాంతరు పట్టుకొని బడికి పోతిని. ఆచారిగారు నాకంటె ముందే వచ్చి, వసారాలో బల్లపై కూర్చుండియుండిరి. ఆయన మాటాడక పైకి చూపిరి. ఒక్క రేకును కదలలేదు. గోడమీద తడిమరకయు లేదు.

బలమైనదాని చెంత నిలుచుట తప్పు కాదు. కాని ఆ బలమును తనదిగా తలచి తన కాళ్ళను మరచుట తప్పు. క్రొత్తగా కట్టునది పాతదానికి భారము కారాదు. దాని వెలుగును మూయరాదు. దాని పునాదిని తడుపరాదు. ఈ జాగ్రత్తలు తీసికొన్న వసారా ఎంత చిన్నదైనను తన క్రింద పనిచేయువారిని కాపాడును. మీలో ఎవరైనను పెద్దవారై ఏ కట్టడమునకైనను సంతకము చేయవలసి వచ్చినపుడు, ముందుగా ఆ మూడు ప్రశ్నలను వేసికొనుడు. దాని క్రింద శుక్రవారము మధ్యాహ్నము పిల్లలు కూర్చుందురని తలచుకొనుడు.